తాడు పట్టే చెయ్యి

తాంబూలం పళ్ళెం వాకిట్లో చాప మీదే ఉండిపోయింది. అరటిపండ్ల మీద ఈగలు ముసురుతున్నాయి. తోలడానికి ఎవరికీ చెయ్యి లేవడం లేదు.

లోపల దొడ్డమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మనవరాలి ముందు నిలబడింది.

"ఇంకొక తూరి చెప్పు. నా చెవులు ముసలివి."

"వద్దంటే వద్దు అవ్వా," అంది సుధామణి.

"ఎవరు వద్దు? ముత్తప్పా?"

"వాళ్ళకి కావాల్సింది నేను కాదు. మా అన్న. వాణ్ణే చేసుకోమను. పసుపు పూసి, పూలు పెట్టి, నేనే సాగనంపుతా."

గుమ్మం దగ్గర నిలబడ్డ ధనశేఖర్ తన ఇస్త్రీ చొక్కా వైపు చూసుకున్నాడు. హోసూరులో మోటారు సామాన్లు చేసే కంపెనీలో అతనిది షిఫ్టు పని. చెల్లెలి తాంబూలాలని లీవు పెట్టి, అంచెట్టిలో బస్సు దిగి, కొండదారి పట్టి నడిచి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఊరంతా తననే కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూస్తుంటే ఎందుకో అతనికి అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది.

"నన్నెందుకు లాగుతావు సుధా? నేనేం చేసినా?"

"ఏం చెయ్యలేదు. నీ చేతులు గట్టిగా ఉండాయి. అదే నువ్వు చేసిన తప్పు."

కాసేపటి క్రితం దాకా అన్నీ సవ్యంగానే జరిగాయి. జేనుదొడ్డి ఊరిపెద్ద రాజప్ప, కొడుకు ముత్తప్పకు సుధామణిని అడగడానికి ఊరినంతా వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరంతా అంటే మందేమీ కాదు. ఆ కొండ మీద పొయ్యి వెలిగే ఇళ్ళకంటే తాళం వేలాడే ఇళ్ళే ఎక్కువ. వయసులో ఉన్నవాళ్ళు హోసూరు కంపెనీలకు, గులాబీ షెడ్లకు దిగిపోయారు. సుధామణి కూడా ఆ షెడ్లలోనే పూలు కోస్తుంది. మిగిలినవాళ్ళు రాగులు పండిస్తారు, మేకలు కాస్తారు, చీపురుపుల్ల ఏరుతారు. వాటితో కడుపు నిండని నెలలను తేనె గట్టెక్కిస్తుంది.

ఆ తేనె మాటే కొంప ముంచింది. పళ్ళెం చాప మీద పెడుతూ ముత్తప్ప చిన్నమ్మ హేమావతి, సంతోషం పట్టలేక, నోరు జారింది. "దేవుడు చల్లగా చూసినాడమ్మా! తాడు పట్టేదానికి మనిషి దొరికినాడు!"

కొండవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. తేనెపట్లు వేలాడే నిట్టనిలువు తేనెబండకు దిగేవాడి తాడు పైన ఎవరంటే వాళ్ళు పట్టకూడదు. పెళ్ళి కానివాడికి మేనమామ పడతాడు. పెళ్ళయినవాడికి పెళ్ళాం తోడబుట్టినవాడు పడతాడు. అన్నదమ్ముల చేతికి మాత్రం ఇవ్వరు. అన్నదమ్ములకు పంచుకునే పొలం ఉంటుంది, బావమరిదికి కాపాడుకునే చెల్లెలు ఉంటుంది అంటారు జేనుదొడ్డిలో. ముత్తప్ప మేనమామ బైరప్ప చూపు మందగించి, ఈ ఏడే కొండ దిగి కొడుకు దగ్గరికి పోయాడు. ఊళ్ళో ఇక తాడు పట్టే వరస ఎవరికీ లేదు. ముత్తప్పకు బావమరిది కావాలి. బావమరిది కావాలంటే ముందు పెళ్ళాం కావాలి.

పెళ్ళీడు ఆడపిల్ల ఊరు మొత్తానికీ సుధామణి ఒక్కతే.

"అమ్మా సుధా!" వాకిట్లోంచి రాజప్ప గొంతు. "కోపం తర్వాత పడుదువుగానీ. కావేరి పక్క మబ్బు చూడు. వాన పడితే తేనీగలు లేచిపోతాయి. పట్లన్నీ ఎండి రాలిపోతాయి."

"విన్నావా అవ్వా?" సుధామణి కళ్ళు పెద్దవి చేసింది. "నా పెండ్లికి ముహూర్తం పెట్టినోడు పంతులు కాదు, మబ్బు."

దొడ్డమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

"నగుతావేంది అవ్వా?"

"మా కాలంలో మీ తాత నన్ను ఒక ఎద్దు కోసం చేసుకున్నాడే. మా నాయన జత ఎద్దుల్లో ఒకటి ఇస్తానన్నాడు. ఎద్దు రెండేండ్లకి సచ్చిపోయింది. నేను మిగిలిపోయినా. నేనేమన్నా ఏడ్చినానా?"

"నువ్వు ఏడ్వలేదు. తాత ఏడ్చినాడు."

ధనశేఖర్ పకపకా నవ్వాడు. అవ్వ వాడి నెత్తిన ఒకటి మొట్టి వాకిట్లోకి వెళ్ళింది. సుధామణి మాత్రం వెనక తలుపు తీసుకుని దొడ్లోకి నడిచింది.

మేకల దడి అవతల ముత్తప్ప ఉన్నాడు.

పెళ్ళికొడుకు వాకిట్లో చాప మీద ఉండాలి. అతను మాత్రం దడికి ఆనుకుని, ఒక మేకపిల్లకు గడ్డి అందిస్తున్నాడు. తెల్ల పంచె. తలకు నూనె. పొగవాసన మాత్రం పోలేదు.

"ఈడేం పని నీకు?"

"ఆడ కూర్చుంటే అందరూ నా మొగం చూస్తాండారు."

"పెండ్లికొడుకు మొగం చూడక ఎవరి మొగం చూస్తారు?"

"మీ అన్న మొగం చూసినారు గదా ఇంతసేపూ," అన్నాడు ముత్తప్ప.

సుధామణికి నవ్వు రాబోయింది. పళ్ళు బిగించింది. ఈ మనిషి ఇంతే. పది మాటలకు ఒక మాట మాట్లాడతాడు, అది కూడా ఎదుటివాళ్ళ కోపాన్ని పాడుచేసేదే మాట్లాడతాడు.

"నిజం చెప్పు. మీ నాయన చెప్పినాడని వచ్చినావా? తాడు కోసం వచ్చినావా?"

"పోయిన జాతరలో నువ్వు నన్ను తిట్టినావు. జ్ఞాపకముందా?"

"ఎప్పుడు?"

"పొగవాసన కొడతాంది, దూరం జరుగు, మనిషివా పొయ్యివా అన్నావు. అందరూ నగినారు."

"దానికి ఇప్పుడు పగ తీర్చుకుంటాండావా?"

"కాదు." ముత్తప్ప మేకపిల్ల చెవులు సవరించాడు. "ఈ ఊర్లో నన్ను తిట్టేదానికి ఎవరూ మిగల్లేదు. నాతో తిరిగినోళ్ళందరూ దిగిపోయినారు. ముసిలోళ్ళు, మేకలు, నేను. నువ్వు లీవులో వచ్చిన నాలుగు దినాలు ఎవరితోనో ఒకరితో కొట్లాడతావు. అప్పుడు ఊరు ఊరులా ఉంటాది. నువ్వు పోయినాక మళ్ళా అడివే."

సుధామణి గులాబీ ముళ్ళు గీరిన వేళ్ళను కొంగులో దాచుకుంది. షెడ్డులో సూపర్వైజరు మొదలు బస్సు కండక్టరు దాకా ఆమె నోటికి భయపడేవాళ్ళే. ఆ నోరు కావాలని వచ్చినవాడు ఇంతవరకూ ఎవరూ లేరు.

అయినా వెంటనే లొంగిపోతే ఆమె సుధామణి ఎందుకవుతుంది?

"అట్లైతే ఒక మాట. నన్ను చేసుకో. మా అన్న మాత్రం జన్మలో నీ తాడు ముట్టడు. ఒప్పుకుంటావా?"

"సరే."

ఆమె ఉలిక్కిపడింది. "కొంచెం ఆలోచించి చెప్పు ముత్తప్పా."

"చెప్పినా గదా."

"మరి తేనె?"

"ఈగలు తాగుతాయి. వాటిదే గదా."

అని, పంచె దులుపుకుని, ఇంటి పక్కనుంచి వాకిట్లోకి నడిచాడు. సుధామణి ఇంట్లోంచి గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. వీడు నిజంగానే చెప్పేస్తాడా అందరి ముందూ?

చెప్పేశాడు.

"నాయనా, సుధా ఒప్పుకుంటాది. ధనశేఖర్ తాడు పట్టడు. ఈ ఏడు తేనె లేదు."

రాజప్ప లేవబోయి, మోకాలు సహకరించక, కర్ర పట్టుకుని లేచాడు.

"ఏమన్నావురా?"

"తేనె లేదన్నాను."

"తేనె లేకుంటే ఊరుండాదా? మొన్న బైరప్ప పోయినాడు. ఇరవై ఏండ్లు నా తాడు పట్టినోడు, నా బావమరిది, హోసూరు పక్క జూజువాడిలో కొడుకు టీ అంగట్లో గ్లాసులు కడుగుతాండాడు! చెక్‌పోస్టు దగ్గర లారీలు లెక్కపెట్టుకుంటా కూర్చున్నాడంట, కొండ కనపడలేదని. హేమావతి వాళ్ళు మూట కట్టుకుని కాచుకోనుండారు. ఈ తేనె వస్తే ఉంటారు, రాకుంటే పోతారు. ఇంక నేనెవరికిరా పెద్దను? మేకలకా?"

"ఉన్న మాట చెప్తే నాకేం సిగ్గు?" హేమావతి కళ్ళు తుడుచుకుంది. "పోవాలని నాకేమన్నా ఆశా బావా? పోవాల్సి వస్తాంది."

ముత్తప్ప తల వంచుకున్నాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

సుధామణి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టవచ్చు. ఆ మౌనాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. హేమావతి వంగి, పళ్ళెంలోని అరటిపండ్ల మీద ఈగలను తోలి, గుడ్డ కప్పుతోంది. తీసుకుపోవడానికి.

దూరంగా ఉరిమింది.

"పళ్ళెం ఆడే పెట్టత్తా," అంది సుధామణి. "మామా, డబ్బాలు తీసుకో. పొగకి పచ్చాకు కట్టలు కట్టించు. తాడు నేను పడతా."

ముందు ధనశేఖర్ నవ్వాడు. తర్వాత, ఎవరూ నవ్వడం లేదని చూసి, ఆపేశాడు.

"ఆడది తాడు పట్టేదేంది?" రాజప్ప కర్ర నేలకు తాటించాడు. "మా తాతల కాలం నుంచి లేదు!"

"మీ తాతల కాలంలో బావమరిది ఎందుకు పట్టినాడు మామా? వాడి చేతులు బలమని కాదు గదా. చెల్లెలు ముండమోయకూడదని పట్టినాడు. ఆ చెల్లెల్ని నేనే. నడమ మా అన్న ఎందుకు?"

రాజప్ప దొడ్డమ్మ వైపు చూశాడు. కట్టుబాటు మాట వస్తే ఊరిపెద్ద కూడా ఆ ముసలమ్మ వైపే చూడాలి.

దొడ్డమ్మ తీరుబడిగా వక్క కొరికింది.

"కట్టు ఏందంటే రాజప్పా, ఎవరింట్లో ఏడుపు పడుతుందో వాళ్ళే తాడు పట్టాల. అంతే. ఆడ, మొగ అని యాడా లేదు." మనవరాలి వైపు తిరిగింది. "కానీ తాళి పడలేదే నీకు. పళ్ళెమన్నా ముట్టలేదు. వీడు కిందపడితే నీకేంది నష్టం? పోయి హోసూర్లో పూలు కోసుకుంటావు. అందుకే అడుగుతాండాను, అందరి ముందరా చెప్పు. వీడికేమన్నా ఐతే నువ్వు ఏడుస్తావా?"

సుధామణి ముఖంలోకి రక్తం పొంగింది. వాకిట్లో ప్రతి మనిషీ ఆమెనే చూస్తున్నాడు. ముత్తప్ప కూడా తల ఎత్తాడు.

"ఏమే? చెవుడా నీకు?"

"ఏడుస్తా," అంది నేల చూస్తూ.

"గట్టిగా చెప్పు. నా చెవులు ముసలివి."

"ఏడుస్తానవ్వా! ఏడుస్తా! చాలా?"

వాకిలి గొల్లుమంది. హేమావతి అయితే పళ్ళెం వదిలేసి వచ్చి సుధామణి బుగ్గలు పుణికింది. ముత్తప్ప నవ్వును దాచుకోవడానికి ఆకాశం వైపు చూశాడు. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు. ఆ మబ్బునే చూసి నవ్వాడు.

"దేవుడే కాపాడినాడు," అన్నాడు ధనశేఖర్, చొక్కా పైగుండీ విప్పుకుంటూ. "సుధా, నిజం చెప్తా. నాకు మూడో అంతస్తు కిటికీ కాడ నిలబడితేనే కండ్లు తిరుగుతాయి. ఆ బండ అంచున నేను తాడు పట్టుంటే, ముత్తప్ప కంటే ముందు నేను కిందుందును."

"ఈ మాట పొద్దున చెప్పాల్సింది గదరా!" అంది సుధామణి.

"నన్నెవరడిగినారు? వచ్చినప్పటి నుంచీ కోళ్ళు కోసి పెడతాండారు. తింటాండాను."

తేనెబండ ఊరికి పైన, అడవి తెగిపోయి ఆకాశం మొదలయ్యే చోట ఉంది. అందరూ చేరేసరికి ఎండ మెత్తబడింది. అంచున వంగి చూస్తే, నల్లటి రాతి పొట్టకు అతుక్కుని, చేటల్లా వేలాడే పట్లు. వాటి మీద ఈగల పొర అలలా కదులుతోంది. ఆ హోరు అరికాళ్ళలో తెలుస్తుంది.

రాజప్ప తాడు ఒక కొసను మద్దిచెట్టుకు తానే కట్టాడు. ముడి రెండుసార్లు లాగి చూశాడు. ధనశేఖర్ దూరం నుంచే, నేల మీద కూర్చుని, తన సంచిలోంచి కంపెనీ గ్లవుజులు తీసి చెల్లెలి వైపు విసిరాడు.

"వేసుకో. చెయ్యి ఒరుసుకోకుండా ఉంటాది. నేను రాలేను గానీ, నా గ్లవుజులు వస్తాయి."

సుధామణి కాలు బండ గాడిలో దన్ను పెట్టి, తాడును నడుం చుట్టూ తిప్పి పట్టుకుంది. ఆమె వెనక హేమావతి, ఆ వెనక ఊరి ఆడవాళ్ళు. ముత్తప్ప పొగకట్ట భుజాన వేసుకుని, తాడు రెండో కొస, డబ్బా నడుముకు కట్టుకుని, అంచు మీద ఆగాడు.

"భయమా?" అంది ఆమె.

"నువ్వు కోపంలో ఉన్నావా?"

"లేను."

"అట్లైతే భయం లేదు," అని దిగిపోయాడు.

మనిషి బరువు చేతుల్లోకి వచ్చింది. సుధామణి ఇంతవరకూ గంపల బరువు మోసింది, బిందెల బరువు మోసింది. ఇది వేరు. ఇది ఊపిరి పీల్చే బరువు. అతను కాలు మార్చినప్పుడల్లా తాడులో తెలుస్తోంది, చెయ్యి చాచినప్పుడల్లా తెలుస్తోంది. పొగ పైకి లేచింది. హోరు ఒక్కసారి గాలిలోకి పేలి, పక్కకు జరిగి, కొండ చుట్టూ తిరిగింది. ఒక ఈగ ఆమె మోచేతి మీద కుట్టింది. ఆమె కదల్లేదు.

"వదులు!" కింది నుంచి కేక. ఆమె మూర వదిలింది. "చాలు!" ఆమె బిగించింది.

మొదటి డబ్బా పక్క తాడు మీద పైకి వచ్చింది. నిండా తేనె, మైనం, ఆకుల పొడి. దొడ్డమ్మ వేలు ముంచి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. "కానుగపూల తేనె," అంది. పిల్లలు ఎగబడ్డారు. రెండో డబ్బా వచ్చింది. మూడోది వచ్చింది. హేమావతి నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏదో తెలియకుండా రెండూ చేస్తోంది.

"ఇంక పైకి రా!" అరిచింది సుధామణి. "మబ్బు వచ్చేసింది!"

"రాను!"

"ఏం?"

"అడగాల్సింది ఒకటుంది. ఇప్పుడు మీ అన్న లేడు, తేనె వచ్చేసింది. నీతో నాకింక ఏం పనీ లేదు. అందుకని ఇప్పుడు అడుగుతాండాను. నన్ను చేసుకుంటావా?"

బండ మీద ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ధనశేఖర్ కూర్చున్న చోటి నుంచే ఈల వేశాడు.

"పైకొచ్చి అడగరా పిచ్చోడా! ఈగలు తిరిగొస్తాండాయి!"

"చెప్పేదాకా రాను. ఈడ రాతి మీద కూర్చోనుండా. బాగుంది. తేనె తింటాండా."

సుధామణి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వితే తాడు ఊగుతోంది. ఊగితే కింద అతనూ నవ్వుతున్నట్టు తెలుస్తోంది. ఈ బరువు తనదే. అందులో ఇక అనుమానం లేదు. కానీ ఈ ఒక్క మాట ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేదు.

"చేసుకుంటా!" అని అరిచింది. "కానీ కాపురం హోసూర్లో! నా పని నేను మాననుగాక మానను!"

వెనకాల కేకలు టక్కున ఆగిపోయాయి. హేమావతి పట్టు కొంచెం సడలింది. ఊళ్ళో పొయ్యి వెలిగే ఇల్లు ఒకటి పెరుగుతుందనుకుని వచ్చారు అందరూ. ఒకటి తగ్గుతుందా?

కింద ఈగల హోరు మాత్రం దగ్గరవుతోంది.

"ఆడ కట్టెల పొయ్యా, గ్యాసా?" అని కింది నుంచి కేక.

"గ్యాసు!"

"అట్లైతే నన్ను పొయ్యి అనేదానికి ఉండదు. వస్తా!"

"తేనె దినాల్లో ఇద్దరం ఈడే ఉంటాము! తాడు నేనే పడతా. ఇంకెవరికీ ఇయ్యను!"

"ఐతే లాగు!"

మొదట దొడ్డమ్మ నవ్వింది. ఆ వెనక అందరూ నవ్వారు. హేమావతి పట్టు మళ్ళీ బిగిసింది. ఆడవాళ్ళంతా ఒక్క ఊపున వెనక్కి వాలారు. తాడు కదిలింది. తొలి చినుకు సుధామణి బుగ్గ మీద పడింది.

నవ్వనివాడు ఒక్కడే. రాజప్ప కర్ర పక్కన పడేసి, కుంటుకుంటూ అంచు దాకా వచ్చాడు. వంగి, సుధామణి చేతులకు ముందు, తాడు మీద తన చెయ్యి వేశాడు. లాగడం ఆగిపోయింది.

"తాడు నాకు వదులమ్మా," అన్నాడు మెల్లగా. "నా కొడుకూ కొండ దిగిపోతానంటాండాడు. వాడు పైకి రాకముందే వాడితో నేనొక మాట మాట్లాడాల."

చినుకులు పెరిగాయి. రాయి తడిసి నల్లబడుతోంది. కింద ముత్తప్ప గాలిలో వేలాడుతున్నాడు.

సుధామణి మామ ముఖంలోకి చూసింది. అందులో కోపం ఉందో, దుఃఖం ఉందో తెలియలేదు. ఆమె కాలు ఇంకొంచెం గట్టిగా దన్ను పెట్టింది.

"మాట్లాడు మామా," అంది. "ఎంతసేపైనా మాట్లాడు. తాడు మాత్రం నేను వదలను."